సున్నం కొట్టిన కాలు

నా భార్య రామేశ్వరమ్మ పెద్దకర్మ నాడు మా ఇంటి పంచలో మాకు చుట్టరికం లేనివాళ్ళు చాలామంది కూర్చున్నారు. చంకలో కర్ర పెట్టుకొని వచ్చినవాడొకడు. చెవులు వినపడని కూతురికి వేళ్ళతో ఏదో చెబుతున్న తల్లి ఒకతె. కల్లూరు నుంచి, కొడుకును భుజం మీద మోసుకొచ్చిన ముసలాయన ఒకడు. రాజంపేట నుంచి వచ్చిన మా బావమరిది వాళ్ళను చూసి, వీళ్ళంతా ఎవరు బావా అని అడిగాడు. మీ అక్క తరఫు చుట్టాలే అన్నాను. అతను వేళ్ళు మడిచి చుట్టరికాలు లెక్కపెట్టుకుంటూనే భోజనానికి లేచాడు.

భోజనాలయ్యాక అతనే అన్నాడు, ఊళ్ళో అందరి మీదా పద్యాలు రాస్తివి, మా అక్క మీద ఒక్కటైనా రాయకూడదా అని. అతనన్నది నిజం. నందికొట్కూరు నుంచి బదిలీ అయిపోయిన ప్రతి తాసీల్దారుకూ వీడ్కోలు పద్యాలు రాసింది నేనే. నా పద్యాల్లో ప్రతివాడూ దానకర్ణుడే, ప్రతివాడూ ధర్మరాజే. కొత్త తాసీల్దారు పోయేటప్పుడు పాత పద్యంలో పేరు మార్చేవాణ్ణి. గణం కుదరకపోతే ఇంటిపేరు తగిలించేవాణ్ణి. ఒకసారి సభలో నేను మూడో పాదం చదివి ఊపిరి పీల్చుకునే లోపల, ముందు వరసలోని కరణం నాలుగో పాదం అందించాడు. ఆ రోజు నుంచి ఆయనతో నాకు మాటల్లేవు.

ఆమె మీద రాద్దామని కూర్చున్నాను. మొదటి పాదంలోనే 'సాధ్వీమణి' అని పడింది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని వారం రోజులుగా చెబుతున్నా నేను వినడం లేదని, నా సిరా బుడ్డి తీసి అటక మీద దాచిన మనిషిని సాధ్వీమణి అంటే ఆమెకే నవ్వొస్తుంది. కొట్టేశాను. అందుకని పంచలోని ఆ చుట్టరికాలన్నిటికీ మొదలైన గిడ్డమ్మ కాలు సంగతి చెబుతాను. వచనంలోనే చెబుతాను.

అది కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం. నేను నందికొట్కూరు ఎలిమెంటరీ బడిలో అసిస్టెంటు అయివారిని. రామేశ్వరమ్మ అయిదో తరగతి చదివి రాజంపేట నుంచి నా ఇంటికి వచ్చింది. మాకు అప్పటికింకా పిల్లలు లేరు. మా ఇల్లు బడి వెనకాలే. బడిలో పిల్లలు అరిచేది మా వంటింట్లోకి బాగా వినపడేది. నేను అరిచేది ఇంకా బాగా వినపడేదని ఆమె చెప్పేది.

ఉరుకుందమ్మ అనే కూలీ మనిషి మాకు పిడకలు తెచ్చి పోసేది. వెంట కూతురు గిడ్డమ్మ వచ్చేది. ఆరేళ్ళుంటాయేమో. దాని ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగిపోయి ఉండేది. అరికాలు నేలకు తగిలేది కాదు. పాదం పక్క భాగం మీద నడిచి నడిచి అక్కడ చర్మం కాయ కాచింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు ఉరుకుందమ్మ వంగి కొర్రకోత కోసిందనీ, అందుకే బిడ్డ కాలు అట్లా వంగిందనీ ఊరంతా చెప్పేది. ఆమె మొగుడు బొజ్జన్న కూడా అదే చెప్పేవాడు. మంచివాడే. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ మాట మాత్రం అప్పుడప్పుడూ అనేవాడు.

ఒక రోజు తల్లి పిడకలు పేరుస్తుంటే, ఆ పిల్ల గంప పక్కన కూర్చొని మూడో ఎక్కం మొదటి నుంచి చివరి దాకా గడగడా అప్పజెప్పింది. బడి గోడ పక్కన కూర్చొని విని నేర్చుకుందట. రామేశ్వరమ్మ నన్ను పిలిచి వినమంది. విన్నాను. ఒక్క తప్పు లేదు. నేను చెప్పిన ఎక్కం నా తరగతిలో ఒక్కడికీ రాలేదు గానీ, గోడ అవతలి పిల్లకు వచ్చింది. నా బోధనలో గోడ ఒక్కటే తక్కువని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే రామేశ్వరమ్మ మా హెడ్మాస్టరు తిమ్మయ్య గారి దగ్గరికి పోయి పిల్లను చేర్చుకోమని అడిగింది. తిమ్మయ్య గారికి భయాలెక్కువ. ఇన్‌స్పెక్టరంటే భయం, వానంటే భయం, బడి ముందు నిలువుగా లేచిన నిట్రమైన మెట్లంటే మరీ భయం. ఆ పిల్ల మెట్ల మీద పడితే జవాబు చెప్పేదెవరన్నాడు. చివరకు మాట తెగ్గొట్టడానికి, కాలు బాగు చేయించుకొని రానీండమ్మా, నేనే పేరు రాసుకుంటానన్నాడు. ఆయన అది వద్దనడానికి చెప్పాడు. ఆమె దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంది.

నేను ఊరుకోలేదు. కలెక్టరుకు అర్జీ రాస్తానన్నాను. సీసపద్యంలో మొదలుపెట్టాను కూడా. ఎత్తుగీతి కుదరక ఇబ్బంది పడుతుంటే ఆమె చూసి, నువ్వు రాస్తా ఉండు, మేం కర్నూలు పోయొస్తాం అంది. అసలు కష్టం బొజ్జన్నతో వచ్చింది. బిడ్డ కాలి మీద కత్తి పెట్టనియ్యనన్నాడు. ఆమె అతని గుడిసె ముందు కూర్చొని ఏం చెప్పిందో నాకు తెలియదు. చివరకు అతను ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఒక్క తూరి పోండమ్మా. బాగైతే బాగైనట్టు. కాకుంటే ఇంగ ఆసుపత్రి మాట నా గడపలో ఎత్తగూడదు."

ఆమె సరేనంది.

ఆసుపత్రిలో ఇంగ్లీషు వచ్చినవాడు కావాలని ఉరుకుందమ్మ పట్టుబట్టడంతో నేను కూడా బస్సెక్కాను. దారి పొడుగునా ఒక ఇంగ్లీషు వాక్యం తయారు చేసుకున్నాను. అందులో క్రియ చివర్లో వచ్చేది, మన తెలుగులో లాగే. కర్నూలులో ఎటు చూసినా సర్కారు డేరాలే. డేరాలు, ఫైళ్ళు, డేరా తాళ్ళకు తగులుకొని పడే గుమాస్తాలు. అవన్నీ దాటుకొని ఆసుపత్రికి చేరితే, డాక్టరు మమ్మల్ని చూసి, "ఏమప్పా, బిడ్డ కాలా?" అన్నాడు. మా సీమ మనిషే. అయినా తయారు చేసుకున్నది వృథా ఎందుకని నా వాక్యం చెప్పేశాను. ఆయన మర్యాదగా చివరి దాకా విని, సరేగానప్పా, బిడ్డను బల్ల మీద పండుకోబెట్టు అన్నాడు.

పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చంటిబిడ్డగా ఉన్నప్పుడే తేవాల్సింది, అయినా చేద్దాం అన్నాడు. రామేశ్వరమ్మ అప్పుడు, ఉరుకుందమ్మ వినేటట్టు, గ్రహణానికీ దీనికీ ఏమన్నా సంబంధముందా అని అడిగింది.

డాక్టరు పాదం వదలకుండానే చెప్పాడు. "మా తమ్మునికీ ఇట్లే ఉండె. మాయమ్మ గ్రహణం రోజు మంచం దిగకుండా, వేలు కూడా ఆడించకుండా పండుకొనింది. అంతా పద్ధతి ప్రకారమే. అయినా వాని కాలు ఇట్లే."

ఉరుకుందమ్మ బయట వరండాలోకి పోయి గోడకు ఆనుకొని కూర్చుంది. చాలాసేపు అక్కడే ఉంది. ఇంటికొచ్చాక బొజ్జన్నకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో గానీ, ఆ తర్వాత అతని నోట గ్రహణం మాట నేను వినలేదు.

నరం దగ్గర చిన్న కోత కోసి, పాదాన్ని సరిగ్గా తిప్పి, వేళ్ళ దగ్గరి నుంచి మోకాలి దాకా తెల్లటి పిండికట్టు వేశారు. కట్టు తీసేదాకా కాలు నేల మీద మోపకూడదు, తడపకూడదు, చెప్పిన రోజుకు తీసుకురండి అన్నారు. తల్లీ తండ్రీ పొద్దున్నే కూలికి పోయేవాళ్ళు కాబట్టి పిల్లను మా ఇంట్లోనే ఉంచుకుంటానంది రామేశ్వరమ్మ. నీళ్ళు పోయాలంటే కాలికి గోనెగుడ్డ చుట్టి, పీట మీద ఎత్తుగా పెట్టి, ఒళ్ళు మాత్రమే తుడిచేది. ఒక్క చుక్క పడనిచ్చేది కాదు. నేను చెంబుతో అటువైపు పోయినా అదిలించేది.

పిల్లకు చదువు చెప్పే పని నాకు అప్పగించింది. నేను ఉత్పలమాల లక్షణంతో మొదలుపెట్టాను. పిల్ల నిద్రపోయింది. మర్నాటి నుంచి రామేశ్వరమ్మే అక్షరాలు మొదలుపెట్టింది. పలక లేదు కాబట్టి గిడ్డమ్మ పొయ్యిలోని బొగ్గు తీసుకొని తన కట్టు మీదే దిద్దుకునేది. చేతికందేదీ తెల్లగా ఉండేదీ అదే. అ ఆ లతో మొదలై గుణింతాలు వచ్చేసరికి కట్టు మీద తెలుపు కనపడకుండా పోయింది. తుడిచి మళ్ళీ రాసేది, మళ్ళీ తుడిచేది. చివరకు కాలు కాలిన కట్టెలాగ తయారయింది.

అంతలో ఉగాది వచ్చింది.

ఉగాదికి మా సీమలో సున్నం కొట్టని ఇల్లుండదు. పైన తెల్లసున్నం, అడుగున జానెడు ఎర్రమన్ను పట్టె. పండగ రోజు ఇంట్లో నల్లగా, మసిగా ఏదీ ఉండకూడదు. పొయ్యి కూడా అలికి ముగ్గు పెడతారు. రామేశ్వరమ్మ రెండు రోజులు కష్టపడి ఇల్లంతా తెల్లగా చేసింది. పండగ పొద్దున పనులన్నీ ముగించుకొని నడుం మీద చేతులు పెట్టి చూసుకుంటే, ఇంట్లో మసిగా మిగిలింది గిడ్డమ్మ కాలొక్కటే.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. ఏ ఆడమనిషైనా గోడకు ఎట్లా కొడుతుందో అట్లాగే కొట్టింది. పొడి గోడ మీద సున్నం నిలవదు, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. అందుకని ముందు కొబ్బరిపీచుతో రుద్ది బొగ్గు వదిలించింది, నీళ్ళు చిలకరించింది, తర్వాత నార కుంచెతో ఒక పూత వేసింది. ఒక పూత పలచగా కనపడిందని ఇంకో పూత వేసింది. సున్నం కలిపిన ఘనుణ్ణి నేనే. తెలుపు మెరవాలని కొంచెం నీలిమందు కూడా కలిపాను. పాదం దగ్గర ఎర్రమన్ను పట్టె వంకర పోకుండా దారం పట్టుకున్నది కూడా నేనే. ఎస్సెల్సీ దాకా చదివినవాణ్ణి, తడపకూడదన్న మాట ఇద్దరం విన్నవాళ్ళమే, దారం వదులవుతోందని ఆమె కసిరితే బిగించి పట్టుకున్నాను.

మధ్యాహ్నం బొజ్జన్న, ఉరుకుందమ్మ వేపపువ్వు తీసుకొని వచ్చారు. బొజ్జన్న కూతురి కాలు చూసి ముచ్చటపడ్డాడు. ఎర్రపట్టె మీద చెయ్యి పెట్టకుండా దగ్గరగా వంగి చూసి, మా ఇంటి గోడ కూడా ఇంత బాగ రాలేదమ్మా అన్నాడు. నేను ఆ సందర్భానికి ఒక కందపద్యం చెప్పాను. శ్వేతగిరి పాదాన సంధ్యారాగం అని ఏదో వచ్చింది. అందరూ పచ్చడి తిన్నారు.

పొద్దు వాలుతుండగా గిడ్డమ్మ మెల్లగా అంది. "అమ్మా, నా కాలు లోపల ఆడుతాండాది."

రామేశ్వరమ్మ వేలితో నొక్కి చూసింది. వేలు దిగింది. కట్టు సంగటి ముద్దలాగ మెత్తబడి ఉంది. గోడలు మళ్ళీ ఎండుతాయి, ఇదీ ఎండుతుందేమోనని నేనన్నాను. ఎండుతుంది, కానీ ఎట్లా వంగితే అట్లా ఎండుతుంది అని ఆమె అంది. అప్పుడు నాకు కూడా అర్థమయింది. రెండు చేతులతో ఆ పాదాన్ని, డాక్టరు పెట్టిన తీరులో, కదలకుండా పట్టుకొని కూర్చుంది. పండగ రోజు కావడంతో సాయంత్రం బస్సు లేదు.

బొజ్జన్న ఇంకా పంచలోనే ఉన్నాడు. అతని షరతు మా ముగ్గురికీ గుర్తుంది. పిల్లను తీసుకొని పోతానంటే ఆపడానికి మాకు నోరు లేదు. నేను అతనితో ఏదో చెప్పబోయాను, కట్టు తయారీలోనే లోపం ఉండవచ్చని మొదలుపెట్టాను. రామేశ్వరమ్మ నన్ను ఆపింది.

"నేనే చేసినా బొజ్జన్నా. తడపొద్దంటే తడిపినా. ఎంతైనా తిట్టు, పడతా. రేపు పొద్దున బస్సుకు మాత్రం బిడ్డను పంపు. ఇది ఇంకో తూరి పోయేది కాదు, నేను చెడగొట్టింది సరి చేసుకొచ్చేది."

బొజ్జన్న చాలాసేపు తలపాగా విప్పుతూ చుట్టుకుంటూ ఉన్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"తిట్టి ఏం జేస్తామమ్మా. మా ఇంట్లో ఉండింటే ఈమైనా అదే పని చేసుండు. నేను ఎర్రమన్ను తెచ్చిచ్చుందును." తలపాగా ముడి బిగించి, "పోండి" అన్నాడు.

తెల్లవారి మొదటి బస్సులో పోయాం. రామేశ్వరమ్మ దారంతా ఆ పాదాన్ని వదల్లేదు. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా తన మోచేతులు సీటు అంచుకు కొట్టుకున్నాయి గానీ, కాలు కదలనివ్వలేదు. డాక్టరు చూశాడు. తెల్ల సున్నం చూశాడు, ఎర్రపట్టె చూశాడు, తర్వాత మా ఇద్దరినీ చూశాడు. నర్సులను పిలిచి చూపించాడు. పక్క వార్డు నుంచి కాంపౌండరు కూడా వచ్చి చూసి పోయాడు.

"ఇల్లనుకుంటివా తల్లీ ఇది?" అన్నాడు.

"పండగ గదప్పా" అంది ఆమె.

బాగా తిట్టాడు. నీలిమందు ఎవరు కలిపారని అడిగితే నేను కిటికీ బయటికి చూశాను. కట్టు కోసి చూశాక మాత్రం గొంతు తగ్గింది. పాదం కొంచెమే జారిందట, రాత్రంతా ఎవరు పట్టుకున్నారో గానీ బతికించారు అన్నాడు. మళ్ళీ కొత్త కట్టు వేశాడు. అయితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. బడులు తెరిచే నాటికి ఈ కట్టు తీయడం కుదరదని చెప్పాడు.

జూన్‌లో బడి తెరిచిన రోజు రామేశ్వరమ్మ గిడ్డమ్మను చంకన ఎత్తుకొని, ఉరుకుందమ్మను వెంటబెట్టుకొని, ఆ నిట్రమైన మెట్లెక్కి వచ్చింది. తిమ్మయ్య గారు కట్టు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. కాలు బాగైనాక రమ్మంటి గదమ్మా అన్నాడు.

"బాగలేదని మీకెట్ల తెలుసు?"

"ఇంకా కట్టుంది గదమ్మా."

"అదే అంటాండా. కట్టుండాది. వంకర కాలు కనపడితే వద్దనండి. యాడ కనపడతాండాదో చూపియ్యండి."

తిమ్మయ్య గారు కట్టు వైపు చూశాడు. ఎంతసేపు చూసినా అది నిటారుగానే ఉంది. ఆయన సాయానికి నా వైపు చూశాడు. నేను గోడ మీది భారతదేశ పటంలో కర్నూలు ఎక్కడుందో వెతకసాగాను. మెట్ల మీద పడితే ఎవరమ్మా జవాబు చెప్పేదని ఆయన మళ్ళీ పాత భయానికే వచ్చాడు.

"పడదు. మీ అసిస్టెంటు రెండు పూట్లా ఎత్తుకొస్తాడు, ఎత్తుకపోతాడు" అంది ఆమె. ఆ అసిస్టెంటును అడగాలని ఎవరికీ తోచలేదు.

తిమ్మయ్య గారు పేరు రాసుకున్నాడు. ఆ రోజు నుంచి నేను తాసీల్దార్ల కోసం నల్లకోటు వేసుకొని సభలకు పోయే భుజం మీద, గిడ్డమ్మను వేసుకొని మెట్లెక్కుతుంటే ఊళ్ళో నాకు గౌరవం కొంచెం తగ్గి, పలకరింపులు బాగా పెరిగాయి. కరణం కూడా మాట కలిపాడు. ఏమప్పా కవీ, ఈసారి బరువైన పద్యం ఎత్తుకున్నట్టుండావే అన్నాడు.

కట్టు తీసే రోజు అందరం పోయాం. బొజ్జన్న పని మానుకొని వచ్చాడు. డాక్టరు కట్టు కోస్తుంటే, అంతమందిని ఎదిరించిన రామేశ్వరమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. చూడలేనంది. పిల్లను దించినట్టు చప్పుడయింది.

"ఎట్లుండాది?" అని నన్ను అడిగింది.

ఏం చెప్పాలో వెతికాను. ఇన్నేళ్ళు ఉపమానాలతో బతికినవాణ్ణి, ఒక్కటీ దొరకలేదు. పాదం సన్నగా, చర్మం పొట్టు లేస్తూ, ఇంకా కొంచెం లోపలికే చూస్తున్నట్టుగా ఉంది. అంతలో ఉరుకుందమ్మ చెప్పింది.

"అరికాలు నేలకు ఆనింది అయివారమ్మా."

రామేశ్వరమ్మ అప్పుడు తిరిగింది. డాక్టరు, ఇది పూర్తిగా చక్కబడదు, కొంచెం కుంటు ఉంటుంది, రోజూ నూనె రాసి పాదాన్ని తిప్పండి, గట్టి చెప్పు కుట్టించండి అని చెబుతున్నాడు. బొజ్జన్న తలాడిస్తూ, మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు సామీ అని అడిగాడు.

బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నందికొట్కూరు బస్సు పోతుందని రామేశ్వరమ్మ అందరినీ తరిమింది. జట్కా దిగేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మూటలు, చెంబులు, మందు సీసాలు పట్టుకొని తోసుకుంటూ ఎక్కాం. బస్సు డేరాలు దాటాక ఆమె వెనక్కి తిరిగి, బిడ్డను ఎత్తుకొని ఎవరు ఎక్కారని అడిగింది. ఉరుకుందమ్మ నా వైపు చూసింది. నేను బొజ్జన్న వైపు చూశాను. బొజ్జన్న చేతుల్లో మూటలున్నాయి.

గిడ్డమ్మ ముందు సీట్లో, కండక్టరు పక్కన కూర్చొని, మైలురాళ్ళ మీది అంకెలు పైకి చదువుతోంది.